తలుపేస్తే నెట్ పోయే ర్యాక్

ఏప్రిల్ నెలాఖర్లో ఒకరోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. గుంటూరు దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, పేరెందుకులెండి, అక్కడి ల్యాబ్ సార్. "బాబూ, నువ్వు నవ్వనంటే ఒకటి చెప్తాను, మా సర్వర్ రూమ్‌లో ర్యాక్ తలుపు వేస్తే హాస్టల్ బ్లాక్ మొత్తానికి నెట్ పోతోంది, తీస్తే వస్తోంది" అన్నారు. నేను నవ్వలేదు గానీ నమ్మను కూడా లేదు, ఈ నెట్‌వర్క్ కేబుళ్ళ లైన్లో పదకొండేళ్ళుగా ఉన్నాను, వర్షం వస్తే పోయే నెట్ చూశాను, లిఫ్ట్ కదిలితే పోయే నెట్ చూశాను, తలుపేస్తే పోయేది మాత్రం అదే ఫస్ట్ టైమ్.

వెళ్ళి చూస్తే ర్యాక్ తలుపు మూసుకుపోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టి ఉంది. నెల రోజులుగా అట్లాగే ఉందంట. అటెండర్ బాబాయ్ అయితే దాన్ని ఎవరూ కదపకుండా కాపలా కాస్తున్నాడు, "ఆ ఇటుక తీస్తే పిల్లలు వార్డెన్ మీదకి వెళ్తారు సార్, వార్డెన్ నా మీదకి వస్తాడు" అని. అతని బాధ అతనిది.

ర్యాక్ 42యూ. తెలీని వాళ్ళకి, ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్లు, అంటే ఒకటిం ముప్పావు అంగుళం, అట్లాంటివి నలభై రెండు, ఆరున్నర అడుగుల బీరువా అనుకోండి. అందులో ఇరవై నాలుగు పోర్టుల ప్యాచ్ ప్యానెల్స్ (గదుల నుంచి వచ్చే కేబుళ్ళు వచ్చి ఆగే పట్టీలు) ఆరు, నలభై ఎనిమిది పోర్టుల స్విచ్‌లు మూడు, వాటన్నిటినీ కలిపే కోర్ స్విచ్ ఒకటి, పైన ఫైబర్ వచ్చి దిగే ఎల్ఐయూ డబ్బా, కింద రెండు సర్వర్లు, నేల మీద యూపీఎస్. ఇవన్నీ ఉన్నాయని లిస్ట్ చూసి చెప్తున్నాను, కంటికి మాత్రం ముందు ఏమీ కనబడలేదు. మర్రిచెట్టు ఊడల్లాగా నీలం, బూడిదరంగు, ఎరుపు వైర్లు పైనుంచి కిందిదాకా వేలాడుతున్నాయి. పక్కపక్కనే ఉన్న పోర్టుల మధ్య ఐదు మీటర్ల ప్యాచ్ కార్డ్, అంటే రెండు చివరలా ప్లగ్గులున్న వైరు, వేసి మిగిలిందంతా చుట్టచుట్టి స్విచ్ మీద పెట్టారు. ఆ చుట్ట కింద స్విచ్ కాలిపోతోంది, అంటే నిజంగా కాలడం కాదు, చెయ్యి పెడితే తీసేయాలనిపించేంత వేడి.

తలుపు సంగతి ముందు చూద్దామని కోర్ స్విచ్‌లోకి లాగిన్ అయి హాస్టల్ లింక్ మాడ్యూల్‌కి, అంటే ఫైబర్‌లో వెలుతురు పంపి అందుకునే ముక్కకి, ఎంత వెలుతురు అందుతోందో చూశాను. పది జీబీ ఎల్ఆర్ మాడ్యూల్ అది, మైనస్ 14.4 డీబీఎం (వెలుతురు బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తక్కువ) దాకా తట్టుకుంటుంది, అంతకంటే తగ్గితే గ్యారంటీ లేదు. తలుపు తీసి ఉంటే మైనస్ 6 దగ్గర చూపిస్తోంది. బాబాయ్‌ని ఇటుక తీసి తలుపు మెల్లగా వేయమన్నాను. మైనస్ 8, మైనస్ 11, లాక్ పడేసరికి మైనస్ 17, లింక్ డౌన్. అయిదు నిమిషాల్లో మిస్టరీ అయిపోయింది. పసుపు రంగు ఫైబర్ ప్యాచ్ కార్డ్ ఒకటి ఎల్ఐయూ నుంచి బయటికి ఉబ్బి తలుపు మడత బందు వైపుకి జారింది, తలుపు వేసినప్పుడల్లా అది బందు దగ్గర వి ఆకారంలో నలుగుతోంది. ఫైబర్‌లో వెలుతురు గాజు గోడలకి తగిలి లోపలికే తిరిగొస్తూ పోతుంది కదా, మరీ ఎక్కువ వంచితే ఆ వంపు దగ్గర బయటికి కారిపోతుంది, వైరు తెగక్కర్లేదు. అన్నిసార్లు నలిగినా తెగలేదంటే ఆ కార్డ్‌కి దండం పెట్టాలి.

ఆ ఒక్క కార్డ్ సర్ది, బిల్లు వేసి వచ్చేయొచ్చు. మా ఓనర్ కూడా అదే అన్నాడు ఫోన్లో. కానీ ర్యాక్ వెనక్కి వెళ్ళి టార్చ్ వేసి చూస్తే నా కడుపులో ఏదోలా అయింది, ఎందుకంటే ఆ వెనక కట్టలు కట్టింది నేనే.

ఏడేళ్ళ కిందట నేను హెల్పర్‌గా ఈ కాలేజీకి వచ్చాను. అప్పుడు మాకు డ్రెస్సింగ్ అంటే ఒకటే అర్థం, కేబుళ్ళన్నీ కలిపి తాటిమోపులాగా చేసి, ప్లాస్టిక్ టై వేసి, ప్లయర్‌తో లాగి, ఇంకా లాగి, టిక్కుమనేదాకా బిగించడం. ఎంత గట్టిగా ఉంటే అంత నీట్ అనుకునేవాళ్ళం. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాను అప్పట్లో. ఇప్పుడు చూస్తే ఆ టై ఉన్న చోటల్లా కేబుల్ నడుం సన్నబడి ఉంది, వేలితో తడిమితే గుంట తెలుస్తోంది. క్యాట్ 6 కేబుల్‌లో నాలుగు జతల తీగలు ఒక్కో జత ఒక్కో లెక్కలో మెలి తిరిగి ఉంటాయి, ఆ మెలికల వల్లే ఒక జతలో సిగ్నల్ ఇంకో జతలోకి దూరకుండా ఉంటుంది, బయట నుంచి నొక్కేస్తే ఆ జతల మధ్య దూరం మారిపోయి వంద ఓమ్స్ ఉండాల్సిన ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, అక్కడ తేడా కొడుతుంది. నెట్ ఆగిపోదు. అదే దాంట్లో ఉన్న మోసం. వెయ్యి ఎంబీ రావాల్సిన చోట వంద వస్తుంది, లేకపోతే అప్పుడప్పుడూ ప్యాకెట్లు పోతుంటాయి, జనం స్విచ్‌ని తిడతారు, సాఫ్ట్‌వేర్‌ని తిడతారు, ఇంటర్నెట్ ఇచ్చేవాణ్ణి తిడతారు, టై వేసినోణ్ణి మాత్రం ఎవరూ తిట్టరు.

నా తర్వాత వచ్చినవాళ్ళు నా కట్టల మీదే ఇంకో కట్ట వేసుకుంటూ పోయారు, చెట్టు మానులో వలయాలు లెక్కపెట్టినట్టు టైల రంగుని బట్టి ఏ సంవత్సరం వేశారో చెప్పొచ్చు. నాది తెల్లది, అన్నిటికంటే లోపలిది.

సో ల్యాబ్ సార్‌తో అసలు విషయం చెప్పేశాను. "సార్, లోపలి కట్ట నాదే, తప్పు నాదే, లేబర్ చార్జి సగమే తీసుకుంటాం, కానీ ర్యాక్ మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి, ఒక శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా ఇవ్వండి" అన్నాను. మా ఓనర్ ఆ సగం చార్జి మాటకి తర్వాత నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయలేను. సార్ ఒప్పుకున్నారు గానీ మే చివరి వారం దాకా ఆ ల్యాబుల్లో ఆన్‌లైన్ ఎంట్రన్స్ పరీక్షలు, కనెక్షన్ ఒక్క నిమిషం పోయినా పిల్లల జీవితాలతో ఆట, కాబట్టి అవి అయ్యాకే అన్నారు. అప్పటిదాకా ఫైబర్ కార్డ్‌ని బందు వైపు నుంచి తప్పించి ఒక వెల్క్రో ముక్కతో పక్కకి పెట్టి వచ్చాను. బాబాయ్ మాత్రం ఇటుక తియ్యలేదు.

దొరికిన ఆ నాలుగు వారాల్లో చేసిన పనే అసలు పని అని నా అభిప్రాయం. చెయ్యి పెట్టకముందే ఏ పోర్టు నుంచి ఏ పోర్టుకి పోతోందో మొత్తం రాసుకోవాలి. రెండు సాయంత్రాలు నా దగ్గర పనిచేసే మా కుర్రాడూ నేనూ కూర్చున్నాం, వాడు టార్చ్ పట్టుకుని కార్డ్ వెంట వేలు జరుపుతూ "ప్యానెల్ మూడు, పోర్టు పదిహేడు, స్విచ్ రెండు, పోర్టు నలభై ఒకటి" అని చదవడం, నేను ఎక్సెల్‌లో కొట్టడం. స్విచ్‌లోంచి మ్యాక్ అడ్రస్ టేబుల్ (ఏ పోర్టులో ఏ మెషీన్ ఉందో చెప్పే లిస్ట్) తీసుకున్నాం, ప్రతి పోర్టు ఏ వీల్యాన్‌లో, అంటే నెట్‌వర్క్‌లో ఏ విభాగంలో, ఉందో తీసుకున్నాం, కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకున్నాం, ముందూ వెనకా ఫోటోలు ఒక ఎనభై తీశాం. లెక్క తేలింది ఏంటంటే మొత్తం 137 ప్యాచ్ కార్డ్‌లు, అందులో 29 ఎక్కడికీ పోవు. ఒక చివర స్విచ్‌లో ఉంది, రెండో చివర గాల్లో. ఇంకొకటైతే రెండు చివరలూ ఒకే స్విచ్‌లోనే ఉన్నాయి, ఎవరో పుణ్యాత్ముడు వేలాడుతున్న ప్లగ్గు చూసి పాపం అని ఖాళీ పోర్టులో పెట్టేసినట్టున్నాడు, స్పానింగ్ ట్రీ (నెట్ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోకుండా స్విచ్‌లో ఉండే ఏర్పాటు) ఆన్‌లో ఉండబట్టి ఆ పోర్టుని బ్లాక్ చేసి ఊరుకుంది, లేకపోతే ఆ రోజే కాలేజీ మొత్తం పడుకునేది.

సామాన్ల కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీ దాకా వెళ్ళాను, వేరే పని కూడా ఉందిలెండి. అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల ప్యాచ్ కార్డ్‌లు, 1యూ కేబుల్ మేనేజర్లు ఏడు, ర్యాక్ పక్కన నిలువుగా పెట్టే మేనేజర్లు రెండు, బ్లాంక్ ప్యానెళ్ళు, ఎం6 కేజ్ నట్లు ఒక డబ్బా, లేబుల్ ప్రింటర్ టేపు, వెల్క్రో రోల్స్. ప్యాచ్ కార్డ్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, చవగ్గా దొరికే చాలా వాటిలో రాగి ఉండదు, అల్యూమినియం తీగకి రాగి పూత ఉంటుంది, డబ్బా మీద సీసీఏ అని ఎక్కడో చిన్నగా రాసి ఉంటుంది, అసలు రాయకపోవచ్చు కూడా. ఒక తీగ బయటికి తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. దాన్ని రెండుమూడుసార్లు వంచితే పుటుక్కున పోతుంది, పైగా కెమెరాలకీ వైఫై డబ్బాలకీ అదే తీగలో కరెంటు పంపుతాం కదా, రాగి కంటే రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి వేడెక్కుతుంది. నేను బేరమాడుతూ గీకుతుంటే షాపు అతను "అన్నా, కొంటావా, పరీక్ష పెడతావా" అన్నాడు. రెండూ అన్నాను.

వెల్క్రో గురించి కూడా చెప్పాలి. మా ఊళ్ళో చేల గట్ల మీద నడిస్తే ఉత్తరేణి గింజలు లుంగీకి అంటుకునేవి, పీకి పీకి విసుగొచ్చేది. స్విట్జర్లాండ్‌లో జార్జ్ డి మెస్ట్రల్ అనే ఇంజనీరు కూడా అట్లాగే కుక్కతో షికారుకెళ్ళి వచ్చి, దాని బొచ్చుకి అంటుకున్న కాయల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి ఈ వెల్క్రో కనిపెట్టాడంట. మనం విసుక్కుని పారేశాం, ఆయన పేటెంట్ తీసుకున్నాడు. అది వేశాక కట్టలో ఒక కేబుల్ పట్టుకుని లాగితే జారాలి, అంతే బిగువు. రేపు ఇంకో కేబుల్ కలపాలంటే విప్పి మళ్ళీ వేస్తాం, కొయ్యక్కర్లేదు.

మే ఆఖరి శనివారం సాయంత్రం ఆరింటికి మొదలెట్టాం. రోహిణీ కార్తె, రోళ్ళు పగిలే ఎండలు, సర్వర్ రూమ్ ఏసీ ఒకటే పనిచేస్తోంది. నేనూ, మా కుర్రాడూ, కాలేజీ ఎలక్ట్రీషియన్ అన్నా. ముందు చేతి ఉంగరాలు, మా కుర్రాడి కడియం, నా వాచీ తీసి డబ్బాలో వేశాం. వాడు "కడియం మొక్కు అన్నా, తియ్యకూడదు" అన్నాడు, సరే అయితే పవర్ వైపు రావొద్దు, ముందు వైపే ఉండు అన్నాను, రెండు నిమిషాలు ఆలోచించి తీశాడు.

పవర్ మొదట. వెనక కుడివైపు పీడీయూ స్ట్రిప్, అంటే వరసగా సాకెట్లున్న పట్టీ, ఉంది, దానికో స్పైక్ గార్డ్, ఆ స్పైక్ గార్డ్‌లో ఇంకో స్పైక్ గార్డ్, ఆ చివర సర్వర్. అట్లా ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే చివరి లోడంతా మొదటి ప్లగ్గు మీద పడుతుంది, ఆ ప్లగ్గు ఒకవైపు గోధుమరంగులోకి తిరిగిపోయి ఉంది. ఎలక్ట్రీషియన్ అన్న దాన్ని చూసి ఏమీ అనకుండా తల అడ్డంగా ఊపాడు, అది ఆయనే పెట్టాడని నాకు తర్వాత తెలిసింది. కోర్ స్విచ్‌కి రెండు పవర్ సప్లైలు ఉన్నాయి, ఒకటి పోయినా ఇంకొకటి నడుపుతుందని, ల్యాబ్ సార్ కూడా "మాది డబుల్ పవర్ బాబూ" అని గర్వంగా చెప్పారు. తీరా చూస్తే రెండు వైర్లూ ఒకే స్ట్రిప్‌లో పక్కపక్కనే ఉన్నాయి. నేను అది గమనించింది కూడా స్ట్రిప్‌కి ఆనుకుని ఉన్న పాత టై కోస్తుంటే మోచెయ్యి తగిలి స్ట్రిప్ మెయిన్ ప్లగ్గు వదులై కోర్ మొత్తం ఆఫ్ అయ్యాక. ఫ్యాన్లు ఆగిపోయిన ఆ నిశ్శబ్దం ఉంది చూడండి, మా లైన్లో ఉన్నవాళ్ళకి ఆ నిశ్శబ్దం బాంబు శబ్దం కంటే భయం. ఏడు నిమిషాలకి తిరిగి లేచింది. శనివారం రాత్రి కాబట్టి సరిపోయింది.

తర్వాత సరిగ్గా చేశాం, యూపీఎస్ నుంచి ఒక స్ట్రిప్ కుడివైపు, ఇంకో సర్క్యూట్ నుంచి ఇంకో స్ట్రిప్ ఎడమవైపు వెనక మూలలో, పవర్ సప్లైలు చెరొకదాంట్లో, ఎడమది ఎర్ర టేపు కుడిది నీలం టేపు. డేటా కేబుళ్ళు పవర్‌ని ఆనుకుని సమాంతరంగా పోకుండా ముందువైపు నిలువు మేనేజర్లలోకి మార్చాం, దాటాల్సి వచ్చిన చోట అడ్డంగా తొంభై డిగ్రీల్లో దాటించాం.

ఎర్తింగ్ దగ్గర ఇంకో నవ్వులాట. ర్యాక్‌కి ఎర్త్ వైరు ఉంది, బోల్టు ఉంది, గట్టిగానే బిగించి ఉంది. మల్టీమీటర్ పెడితే కంటిన్యుటీ లేదు, అంటే కరెంటు పోయే దారే లేదు. పెయింట్ మీద బిగించారు. పెయింట్ ఇన్సులేటర్ అండీ బాబూ. అక్కడ గీకి, నక్షత్రం వాషర్ వేసి, లగ్గు సరిగ్గా క్రింప్ చేసి, ఆకుపచ్చ ఆరు స్క్వేర్ వైరుతో మళ్ళీ బిగించాం, తలుపులకి కూడా విడిగా ఎర్త్ ముక్క వేశాం, ఎందుకంటే బందుల్ని నమ్ముకోకూడదు. బయట ఎర్త్ గుంత ఎండిపోయి బీటలు వారి ఉంటే బాబాయ్ రెండు బక్కెట్ల నీళ్ళు పోసొచ్చాడు, ఎండాకాలం వారానికోసారి పొయ్యమని చెప్పాను.

ఇక ఫైబర్. నాకు మా ఆవిడ గాజులు గుర్తొచ్చింది ఇక్కడే, అంటే ముందే ప్లాన్ చేసుకుని రెండు గాజులు టూల్ కిట్‌లో వేసుకొచ్చాను. కేబుల్ ఎంత వంచొచ్చు అనేది పుస్తకాల్లో రేడియస్‌లో చెప్తారు, మా కుర్రాడికి రేడియస్ అంటే టెన్త్ క్లాసు లెక్కల సార్ గుర్తొస్తాడు. క్యాట్ 6 కేబుల్ మందం దాదాపు ఆరు మిల్లీమీటర్లు, దానికి నాలుగింతల రేడియస్ కంటే తక్కువలో వంచకూడదు, అంటే ఇరవై నాలుగు, గుండ్రంగా చుడితే నలభై ఎనిమిది మిల్లీమీటర్ల వలయం. రెండు-నాలుగు గాజు యాభై ఏడు ఉంటుంది, కాబట్టి ఆ గాజు కంటే చిన్న వంపు ఎక్కడా కనబడకూడదు. ఫైబర్‌కి పదింతలు, మూడు మిల్లీమీటర్ల కార్డ్‌కి ముప్పై రేడియస్, అరవై వలయం, అది సరిగ్గా రెండు-ఆరు గాజు. "రాగికి రెండు-నాలుగు, ఫైబర్‌కి రెండు-ఆరు" అన్నాను, వాడు ఆ రాత్రంతా ప్రతి మలుపు దగ్గరా గాజు పెట్టి చూస్తూనే ఉన్నాడు, ఎవరైనా వచ్చి చూసుంటే గాజుల దుకాణం పెట్టామనుకునేవాళ్ళు.

హాస్టల్ ఫైబర్ కార్డ్ మార్చేశాం, అంత నలిగినదాన్ని నమ్మలేం. ఫైబర్ అన్నిటికంటే విడిగా పోవాలి, రాగి కట్ట బరువు దాని మీద పడకూడదు, అందుకే ఎల్ఐయూ పక్క నుంచి పైన మెత్తటి ముడతల గొట్టంలో వేసి తలుపు బందులకి అవతలి వైపు నుంచి దించాం. పీకిన ప్రతి చివరకీ వెంటనే క్యాప్ పెట్టాం, మళ్ళీ పెట్టేముందు క్లీనర్‌తో తుడిచాం, ఆ కొనలోకి కన్ను పెట్టి చూడొద్దని మా కుర్రాడికి మూడుసార్లు చెప్పాను, ఆ వెలుతురు కంటికి కనబడదు, కనబడలేదు కదా అని లేదనుకుంటే కంటికి ప్రమాదం కావచ్చు.

రాత్రి పదకొండు నుంచి మూడు దాకా రాగి. పాత టైలు కొయ్యడమే గంటన్నర పట్టింది. మామూలు కటింగ్ ప్లయర్‌తో కోస్తే మిగిలిన ముక్క కత్తిలాగా నిలబడి ఉంటుంది, ఏడేళ్ళ కిందట నేను అట్లా వదిలేసిన ముక్కలే ఈ రాత్రి నా ముంజేతుల మీద గీతలు గీశాయి, లెక్కపెడితే తొమ్మిది. బాకీ తీరింది. ఈసారి ఎక్కడైనా టై వేయక తప్పకపోతే ఫ్లష్ కట్టర్‌తో తలకి సమంగా కోశాం.

నా పాత మోపులో డెబ్బైకి పైగా కేబుళ్ళు ఒకే కట్టలో ఉన్నాయి. అప్పుడు అవన్నీ కంప్యూటర్లకే, ఇప్పుడు వాటిలో ముప్పై దాకా కెమెరాలు, వైఫై యాక్సెస్ పాయింట్లు, అంటే పీఓఈ, నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పోయేవి. పాత రకం పోర్టుకి 15.4 వాట్లు, తర్వాత వచ్చినదానికి 30 వాట్లు, ఒక్కో కేబుల్‌లో చిన్న బల్బు అంత కరెంటు పోతున్నట్టే, అట్లాంటివి మధ్యలో ఇరుక్కుంటే ఆ వేడి బయటికి పోయే దారి లేదు. కట్ట విప్పి లోపలికి చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, ఏసీ గదిలో. ఇప్పుడు ఇరవై నాలుగుకి మించకుండా, అంటే ఒక ప్యానెల్‌కి ఒక కట్ట చొప్పున చేశాం, పన్నెండు ఎడమకి పన్నెండు కుడికి చీల్చి, జానెడు దూరానికో వెల్క్రో. కేబుళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా దువ్వెనతో దువ్వినట్టు పక్కపక్కనే పేర్చాలి, అమ్మాయిల జడ వేసే ఓపిక కావాలి. మా కుర్రాడికి ఇద్దరు చెల్లెళ్ళు, వాడి చెయ్యి నాకంటే బాగా తిరిగింది, ఒప్పుకుంటున్నాను.

కింద నేలలో కేబుళ్ళు వచ్చే కన్నం దగ్గర ఎలుక పెంటికలు కనబడ్డాయి, మూడు కేబుళ్ళ తొడుగు కొరికేసి ఉంది. మన దగ్గర సర్వర్ రూమ్‌కి హ్యాకర్ కంటే ఎలుక పెద్ద ప్రమాదం. కన్నానికి రేకు ప్లేటు వేసి, కేబుళ్ళు పోయే చోట బ్రష్ ప్యానెల్ పెట్టాం, చుట్టూ సందుల్లో స్టీల్ పీచు కుక్కాం. కొరికిన మూడూ మళ్ళీ లాగాం. లాగేటప్పుడు మా కుర్రాడు కాలు తన్నిపెట్టి గుంజబోయాడు, ఆపాను, పదకొండు కిలోల బరువు వేలాడదీసినంత బలం కంటే ఎక్కువ పెట్టకూడదు, లోపల మెలికలు సాగిపోతాయి.

పొద్దున నాలుగింటికి ముందువైపు అంతా అయిపోయింది. అర మీటరు కార్డ్‌లన్నీ ప్యానెల్ నుంచి మేనేజర్‌లోకి, అక్కడి నుంచి స్విచ్‌లోకి, వాన తుంపరలాగా సమంగా దిగుతున్నాయి. నేను రెండడుగులు వెనక్కి వేసి ఫోటో తీస్తున్నాను. ఎలక్ట్రీషియన్ అన్న టీ తాగుతూ "బాగుంది తమ్ముడూ, మరి ఆ పవర్ సప్లై పోతే ఎట్లా తీస్తావు" అన్నాడు. చూసుకున్నాను. కోర్ స్విచ్‌కి పవర్ సప్లైలు ముందువైపు నుంచే బయటికి లాగాలి, నేను సరిగ్గా దాని మూతి మీదుగా నలభై కార్డ్‌ల కట్ట తీసుకెళ్ళాను. ఫ్యాన్ ట్రే కూడా అంతే. రేపు అది చెడితే ఈ అందమంతా కొయ్యాలి. ఏడేళ్ళ కింద చేసిన తప్పే, ఈసారి వెల్క్రోతో చేశాను, తేడా అంతే. మళ్ళీ విప్పాం. నలభై కార్డ్‌లూ మాడ్యూల్ లేని వైపుకి తిప్పి, అర మీటరు సరిపోని చోట ఒక మీటరు వేసి, పవర్ సప్లై ఒకటి నిజంగా బయటికి లాగి మళ్ళీ పెట్టి చూసేదాకా ఆరున్నర అయింది. రెండో స్ట్రిప్ పనిచేస్తోందని కూడా అప్పుడే రుజువైంది, ఒకటి లాగినా స్విచ్ బతికే ఉంది. సర్వర్ల వెనక కూడా అదే లెక్కతో, పట్టాల మీద పూర్తిగా బయటికి లాగినా వైర్లు సాగకుండా వదులు ఉంచాం.

ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుని, తర్వాత టెస్టింగ్. కేబుళ్ళని పరీక్షించే ఫ్లూక్ మెషీన్ అద్దెకి తెచ్చాం, వాడకంలో ఉన్న లైన్లన్నీ పెట్టి చూస్తే పద్నాలుగు ఫెయిల్. అందులో తొమ్మిది ప్యానెల్ వెనక పంచింగ్, అంటే తీగల్ని గాళ్ళలోకి నొక్కి దింపడం, తప్పు, ఎవరో తీగల మెలికలు అంగుళంన్నర దాకా విప్పేసి కొట్టారు, పదమూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ విప్పకూడదు, కోసి మళ్ళీ కొడితే పాస్ అయ్యాయి. మిగిలిన ఐదూ నా తెల్ల టైల కింద నలిగినవే. రెండు కొంచెం కోలుకున్నాయి, మూడు కోలుకోలేదు, కొత్త కేబుల్ లాగాం. ఆ మూడు కేబుళ్ళ డబ్బు నేనే పెట్టుకున్నాను, మా ఓనర్‌కి ఈ విషయం తెలీదు, ఇక్కడ చదివితే తెలుస్తుంది.

లేబుల్స్ రెండు చివరలా. ఒకవైపే వేసి రెండోవైపు తర్వాత వేద్దాం అనుకున్న లేబుల్ ఏ కాలంలోనూ పడదు. పాతవి కాగితం మీద పెన్నుతో రాసి సెల్లోటేపు అంటించినవి, వేడికి జిగురు పోయి ర్యాక్ అడుగున ఎండుటాకుల్లాగా పడి ఉన్నాయి. కొత్తవి ప్రింటర్‌వి, కేబుల్ చుట్టూ తిరిగి తన మీద తనే అంటుకునే రకం. ఎక్సెల్ షీట్ ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్లో తలుపు లోపలివైపు పెట్టాం, మార్చినోళ్ళు పెన్నుతో కొట్టేసి రాయమని పెన్ను కూడా తాడుతో కట్టాం. ఆ పెన్ను రెండు వారాల్లో పోయిందంట.

ఒక్క కేబుల్ మాత్రం మాకు అంతుబట్టలేదు. ప్యానెల్ ఐదు, పోర్టు ఇరవై రెండు. లైటు వెలుగుతోంది, రోజుకి కొన్ని ప్యాకెట్లు పంపుతోంది, టోనర్ (కేబుల్‌లోకి శబ్దం పంపి జాడ పట్టే పరికరం) పెట్టి వెతికితే రెండో అంతస్తు ఫాల్స్ సీలింగ్ దాకా శబ్దం వచ్చి అక్కడ ఆగిపోయింది. ల్యాబ్ సార్‌ని అడిగాం, ప్రిన్సిపాల్ గారి ఆఫీసులో అడిగాం, ఎవరికీ తెలీదు. పీకేద్దామా అన్నాడు మా కుర్రాడు. వద్దన్నాను. "ఎటు పోతుందో తెలీదు, పీకొద్దు" అని లేబుల్ కొట్టి రెండు వైపులా వేశాం, రెండో వైపు అంటే సీలింగ్ సందు దగ్గరే. జూన్ రెండో వారంలో సార్ ఫోన్ చేసి, "బాబూ, తెలిసింది, అది క్లాసు గంట కొట్టే టైమర్‌ది, సెలవులు కదా, ఎవరూ గంట గురించి ఆలోచించలేదు" అన్నారు. తలుపు గురించి అడిగాను. వేసే ఉందంట, ఇటుక మాత్రం బాబాయ్ గది మూలలో దాచాడంట, ఎందుకైనా మంచిదని.